బెల్లం, బ్యాటరీ, ప్రీసెట్: జాతర డ్యూటీ నుంచి వచ్చిన 12 హ్యాండ్ మెటల్ డిటెక్టర్ల కేసు

మేడారం జాతర క్యూలైన్ల దగ్గర వాడిన 12 చేతి మెటల్ డిటెక్టర్లు ఒకే అట్టపెట్టెలో హన్మకొండలోని రిపేరు బెంచీకి వచ్చాయి. అన్నీ ఒకే మోడల్. 9 వోల్టుల చదరపు బ్యాటరీ, పిడి పక్కన స్లైడ్ స్విచ్, అడుగున ఇయర్‌ఫోన్ జాక్, చార్జింగ్ జాక్ ఉన్నాయి. సెన్సిటివిటీ సర్దే ప్రీసెట్, అంటే స్క్రూలా తిప్పే చిన్న రెసిస్టర్, పిడి మీది చిన్న రంధ్రంలో ఉంది. సెక్యూరిటీ ఏజెన్సీ రాసి పంపిన కంప్లైంట్ అన్నిటికీ ఒక్కటే: "సెట్టింగ్ పోయింది, సెట్ చేసి ఇవ్వండి."

ఒక్కో పీసు వేసి చూస్తే తీరు ఒక్కో రకంగా ఉంది. కొన్ని ఆన్ చేసిన క్షణం నుంచి ఆగకుండా మోగుతున్నాయి. కొన్ని లోహం చూపిస్తే ఒకసారి కీమని ఆగిపోయి, మళ్లీ మోగి మళ్లీ ఆగుతున్నాయి. ఒకదాంట్లో లైటు వెలుగుతోంది గానీ శబ్దం లేదు. ఒకటి దేనికీ పలకడం లేదు. రెండింటికి బెంచీ మీద ఏ లోపమూ కనిపించలేదు. పెట్టెలో ఉన్న ప్రతి పీసు ప్రీసెట్‌నూ మాత్రం ఎవరో తిప్పారు. తాళం చెవితోనో పిన్నీసుతోనో తిప్పిన గీతలు రంధ్రం అంచున స్పష్టంగా ఉన్నాయి.

ఇన్ని రకాల లోపాలకు కారణం ఒక్క ప్రీసెట్ కావడం కుదరదు. అందుకే ప్రీసెట్‌ను చివరి పనిగా పెట్టుకుని, ఇప్పుడు అది ఏ స్థానంలో ఉందో ప్రతి పీసు మీద నెయిల్ పాలిష్ చుక్కతో గుర్తు పెట్టాం. తర్వాత చూసిన వరుస: బ్యాటరీ, స్విచ్, బోర్డు శుభ్రత, కాయిల్, ఆఖరున ప్రీసెట్.

లోపల జరిగేది

హెడ్‌లో సన్నని ఎనామెల్ రాగి తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. కెపాసిటర్‌తో కలిసి అది ఆసిలేటర్‌గా నడుస్తుంది, అంటే కరెంటును ఆగకుండా అటూ ఇటూ ఊపుతుంది. లోహం దగ్గరికి వస్తే ఆ లోహంలో ఎడ్డీ కరెంట్లు (సుళ్లు తిరిగే చిన్న కరెంట్లు) పుడతాయి. వాటికి కావలసిన శక్తి కాయిల్ నుంచే పోవాలి కాబట్టి ఆసిలేషన్ కొద్దిగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను కంపారేటర్ (వోల్టేజీని ఒక హద్దుతో పోల్చే భాగం) గుర్తించి బజర్‌ను, వైబ్రేషన్ మోటార్‌ను నడిపిస్తుంది. ప్రీసెట్ చేసే పని ఎంత తగ్గితే మోగాలో ఆ హద్దును జరపడమే.

సర్క్యూట్ చూసే తగ్గుదల చాలా చిన్నది. సప్లై వోల్టేజీ ఊగినా, తడి బోర్డు మీద మైక్రో ఆంపియర్లలో లీకేజీ పారినా, కాయిల్ చుట్లు వెంట్రుకవాసి కదిలినా దానికి లోహం వచ్చినట్టే ఉంటుంది. అలాంటప్పుడు ప్రీసెట్ తిప్పితే మోత ఆగుతుంది. ఆగింది కదా అని గార్డు తృప్తి పడతాడు. కానీ హద్దు దూరం జరిగింది కాబట్టి ఆ పీసు ఇప్పుడు చిన్న కత్తిని కూడా వదిలేస్తుంది. ఈ లాట్‌లో మాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఇదే. మోగని డిటెక్టర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడటం కంటే డిటెక్టర్ లేకుండా ఉండటమే మేలు, అప్పుడు కనీసం చేత్తో తడిమి చూస్తారు.

బ్యాటరీతో పోయినవి: 5 పీసులు

ఒకసారి కీమని ఆగిపోయే పీసులన్నీ ఈ గుంపులోవే. బ్యాటరీ తీసి మీటర్ పెడితే 8.8 నుంచి 9.1 వోల్టుల దాకా చూపించాయి. "బ్యాటరీ బాగానే ఉంది" అని ఏజెన్సీ వాళ్లు అనుకున్నది ఈ రీడింగ్ చూసే. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజీ దాదాపు ఏమీ చెప్పదు. బ్యాటరీ రెండు కొనలకూ 100 ఓముల 1 వాట్ రెసిస్టర్ పెట్టి, 5 సెకండ్ల తర్వాత చదవాలి. 9.1 చూపించిన బ్యాటరీ అలా చూస్తే 5.8కి పడిపోయింది. అప్పుడు పారిన కరెంటు 58 మిల్లీ ఆంపియర్లు, పడిపోయింది 3.3 వోల్టులు. అంటే బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ సుమారు 57 ఓములు. కొత్త ఆల్కలైన్‌లో ఇది రెండు మూడు ఓములకు మించదు.

బోర్డు మీద వోల్టేజీని నిలకడగా ఉంచే 78ఎల్05 రెగ్యులేటర్ ఉంది. అది 5 వోల్టులు స్థిరంగా ఇవ్వాలంటే దాని ఇన్‌పుట్‌కు సుమారు 7 వోల్టులు కావాలి. ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఈ మోడల్ తీసుకునేది 14 మిల్లీ ఆంపియర్లే, అందుకని ముసలి బ్యాటరీతో కూడా లైటు వెలుగుతుంది. లోహం తగిలి బజర్, మోటార్ కలిసి నడిస్తే కరెంటు 70కి పోతుంది, మోటార్ తిరగడం మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. వోల్టేజీ కూలిపోతుంది, సర్క్యూట్ ఆగుతుంది, లోడ్ పోగానే బ్యాటరీ మళ్లీ లేస్తుంది, మళ్లీ మోగుతుంది. కీ... కీ... అని తెగి తెగి వచ్చే శబ్దానికి కారణం ఇది. కొత్త ఆల్కలైన్ వేశాక కూడా అలాగే తెగుతుంటే సప్లై మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఎండిపోయిందేమో చూడాలి. 220 మైక్రోఫారడ్, 16 వోల్టుల మంచి కెపాసిటర్‌ను ప్లస్ మైనస్ చూసుకుని దానికి సమాంతరంగా తగిలిస్తే చాలు. శబ్దం కుదురుకుంటే పాతది మార్చాలి. ఈ అయిదింటిలో ఒకదానికి బ్యాటరీతో పాటు ఇదీ మార్చాం.

జాతరలో బ్యాటరీలు ఇంత తొందరగా పోవడానికి కారణం ఉంది. మామూలు ఆఫీసు గేటు దగ్గర డిటెక్టర్ అప్పుడప్పుడూ మోగుతుంది. జాతర క్యూలో మట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు, తాళం చెవుల గుత్తి, వంట సామాను సంచి, ఇలా దాదాపు ప్రతి మనిషి దగ్గరా మోగుతుంది. నాలుగో వంతు సమయం మోగుతుందనుకుంటే సగటు కరెంటు 28 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. 200 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జింగ్ బ్యాటరీ ఆ లెక్కన 7 గంటలు వస్తుంది. 500 ఉన్న ఆల్కలైన్ 17, 18 గంటలు వస్తుంది. డ్యూటీ 12 గంటలైతే చార్జింగ్ బ్యాటరీ మధ్యలోనే చేతులెత్తేస్తుంది. వైబ్రేషన్ ఆపి బజర్ మీదే నడిపితే మోగేటప్పటి కరెంటు 30 దాకా దిగుతుంది. గోలలో శబ్దం వినపడదని మోటార్ కావాలంటే మాత్రం షిఫ్టు సగంలో బ్యాటరీ మార్చాలని ముందే లెక్క వేసుకోవాలి.

ఇదే గుంపులో రెండు పీసుల్లో మామూలు జింక్ కార్బన్ బ్యాటరీ కారి, పిడి లోపల ఆకుపచ్చ తుప్పు పట్టింది. మామూలు బ్యాటరీ లోపల ఉండగానే చార్జర్ పిన్ను గుచ్చారు. చార్జింగ్ జాక్ ఉన్నంత మాత్రాన లోపల ఉన్న ఏ బ్యాటరీ అయినా చార్జ్ కాదు. దాని మీద రీచార్జబుల్ అని, ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్) అంకె రాసి ఉంటేనే పిన్ను గుచ్చాలి. లేకపోతే అది ఉబ్బుతుంది, కారుతుంది. ఆ రెండింటికీ తుప్పును వెనిగర్‌లో ముంచిన దూది పుల్లతో, ఆపై నీటితో తుడిచి క్లిప్‌లు కొత్తవి వేశాం. ఆల్కలైన్ కారితే వచ్చే తెల్ల పొడికీ ఈ పద్ధతే పనిచేస్తుంది. మిగతావాటిలో వదులైన క్లిప్ రేకులను నోస్ ప్లయర్‌తో కొద్దిగా నొక్కి, బ్యాటరీ గదిలో 3 మిల్లీమీటర్ల ఫోమ్ ముక్క అతికించాం. ఆ ఫోమ్ ఊడిపోతే బ్యాటరీ ఆడుతుంది, చెయ్యి ఊపినప్పుడల్లా సప్లై తెగుతుంది.

బెల్లం: 3 పీసులు

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఈ మూడే. వీటిలో రెండు పొద్దున తీస్తే ఆగకుండా మోగుతాయి, మధ్యాహ్నానికి మామూలుగా పనిచేస్తాయి. ఏజెన్సీ ఎలక్ట్రీషియన్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టాడట, తేడా రాలేదు.

విప్పితే స్లైడ్ స్విచ్ గాడిలో, ప్రీసెట్ చుట్టూ, ఇయర్‌ఫోన్ జాక్ నోట్లో గోధుమ రంగు జిగురు పేరుకుని ఉంది. దాని మీద ఎర్రమట్టి, పసుపు, కుంకుమ అంటుకుని గట్టిపడ్డాయి. సమ్మక్క సారలమ్మలకు బంగారం సమర్పించడమంటే బెల్లమే. నిలువెత్తు బంగారం మోసుకొచ్చే భక్తుల సంచులను తడిమే గార్డు చేతికి బెల్లం అంటకుండా ఉండదు. జంపన్న వాగులో స్నానం చేసి తడిబట్టలతో వచ్చేవాళ్లతో ఆ చెయ్యి తడుస్తూనే ఉంటుంది. చేతిది పిడికి, పిడి నుంచి రంధ్రాల గుండా బోర్డు మీదికి చేరుతుంది.

బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందులో చక్కెరతో పాటు లవణాలు ఉంటాయి కాబట్టి తడిసినప్పుడు కరెంటు పారుతుంది. మాఘమాసంలో అడవి పక్క రాత్రి మంచు పడితే ఆ పొర తడిసి ప్రీసెట్ కాళ్ల మధ్య లీకేజీ పుడుతుంది, కంపారేటర్ హద్దు జరుగుతుంది, మోత మొదలవుతుంది. ఎండెక్కితే పొర ఆరి మోత ఆగుతుంది. దీన్ని బెంచీ మీద తిరిగి చూపించడం తేలికే. పీసును మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిగుడ్డ పక్కన గంటసేపు ఉంచాలి. గుడ్డ పీసుకు తగలకూడదు. శబ్దం వచ్చే ఆ రెండూ డబ్బాలోంచి తీయగానే మోగాయి, బాగున్న పీసు మోగలేదు.

క్లీనర్ ఎందుకు పనిచేయలేదంటే, చక్కెర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. కాంటాక్ట్ క్లీనర్ల సంగతీ అంతే. అవి జిడ్డును, ఫ్లక్స్‌ను తీస్తాయి, బెల్లాన్ని చుట్టుపక్కలకు నెట్టేస్తాయి. బెల్లానికి నీళ్లే కావాలి.

చేసిన పని: బ్యాటరీ తీసి, బోర్డును కాయిల్ తీగల నుంచి విడదీశాం. ఏ తీగ ఎక్కడిదో ఫోటో తీసుకుంటే తర్వాత వెతుక్కోనక్కర్లేదు. బజర్ ప్లేటును టేపుతో మూసి, 40 నుంచి 45 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌లో మెత్తని టూత్‌బ్రష్ ముంచి రుద్దాం. నీళ్లు గోధుమ రంగు పోయి తేటగా వచ్చేదాకా మార్చాలి. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడాలి, బోరు నీళ్లు వద్దు. బోరు నీటి లవణాలు ఆరాక బోర్డు మీదే మిగిలి అదే లీకేజీని మళ్లీ తెస్తాయి. ఆ తర్వాతే 99 శాతం ఐసోప్రొపైల్‌తో కడగాలి, ఇక్కడ దాని పని నీటిని లాక్కుపోవడం. హెయిర్ డ్రయర్‌ను దూరంగా పెట్టి, బోర్డు చేతికి వెచ్చగా తగిలేంత వరకే ఆరబెట్టి, ఫ్యాను కింద రాత్రంతా వదిలాం.

స్లైడ్ స్విచ్‌లు కడిగి మళ్లీ వాడలేదు. లోపలి రేకు మీది నలుపు కడిగినా పోదు. ఆన్‌లో ఉండగా స్విచ్ రెండు కాళ్ల మధ్య మీటర్ పెడితే 0.05 వోల్టుకు లోపు ఉండాలి, వీటిలో ఒకదాంట్లో 0.8 వోల్టు వచ్చింది. చిన్న స్విచ్ కోసం ఆలోచించకుండా మార్చేయడమే మంచిది. లైటు వెలిగి శబ్దం రాని పీసు కూడా ఈ మూడింటిలోదే. ఇయర్‌ఫోన్ జాక్ లోపల ఒక రేకు ఉంటుంది. పిన్ను గుచ్చితే అది విడిపోయి బజర్‌ను ఆపుతుంది. బెల్లం గట్టిపడి ఆ రేకు విడిపోయిన స్థితిలోనే అతుక్కుంది. జాక్ కొత్తది వేయగానే బజర్ పలికింది. ఇలాంటి పీసుకు బజర్ మార్చే ముందు జాక్ చూడటం అలవాటు చేసుకుంటే చాలా బజర్లు మిగులుతాయి.

ఆరిన బోర్డు మీద ఆక్రిలిక్ కోటింగ్ స్ప్రే పలచగా రెండు పూతలు వేశాం. ప్రీసెట్, స్విచ్, జాక్, బ్యాటరీ క్లిప్‌ల మీద పడకుండా ముందే టేపు వేసుకోవాలి. ప్రీసెట్ రంధ్రం మీద పారదర్శక టేపు, వాడని ఇయర్‌ఫోన్ జాక్‌కు రబ్బరు బిరడా పెట్టాం. తడిడబ్బా పరీక్ష మళ్లీ చేస్తే మూడూ మౌనంగా ఉన్నాయి.

చోటు తప్పు: 2 పీసులు

ఈ రెండింటిలో ఏ లోపమూ లేదు. వాడిన చోటు గురించి ఏజెన్సీని అడిగితే, ఇనుప పైపుల బారికేడ్ల మధ్య సందులో ఇద్దరు గార్డులు రెండడుగుల దూరంలో నిలబడి తనిఖీ చేశారని తెలిసింది. ఒకే మోడల్ పీసులు రెండు దాదాపు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి. దగ్గరగా ఉంటే ఒకదాని క్షేత్రం రెండోదాన్ని కదిలిస్తుంది, లయగా ఆగి ఆగి మోగుతాయి. బెంచీ మీద రెండింటినీ దగ్గర పెట్టి ఆ శబ్దాన్నే తెప్పించాం. మీటరున్నర దూరం ఇస్తే పోయింది.

పరికరమా, చోటా తేల్చడానికి ఉన్నచోటి నుంచి ఇనుముకు దూరంగా ఖాళీ స్థలంలోకి మూడు నాలుగు మీటర్లు నడిచి చూడాలి. అక్కడ మౌనంగా ఉంటే పరికరం మంచిదే. కొన్ని మోడళ్లు ఆన్ చేసిన క్షణంలో చుట్టూ ఉన్నదాన్ని మామూలు స్థితిగా తీసుకుంటాయి, అందుకని బారికేడ్ పక్కన ఆన్ చేయకూడదు. గార్డు చేతి కడియం, గడియారం కూడా చూసుకోవాలి. వరంగల్‌లో పరీక్షా కేంద్రాల డ్యూటీకి ఇవే పీసులు పోతాయి కాబట్టి ఇంకొక మాట: స్లాబు గదుల్లో పాదాల దగ్గర మోగేది ఎక్కువగా నేలలోని ఇనుప చువ్వలకే. అభ్యర్థి కాలును చెక్క పీట మీద పెట్టించి చూస్తే ఆ గొడవ ఉండదు.

కాయిల్: మిగిలిన 2

ఒక పీసును కదిలిస్తే చాలు మోగుతోంది, టేబుల్ మీద పెడితే మోగదు. హెడ్‌ను పెన్సిల్ వెనక కొసతో తడితే ప్రతి దెబ్బకూ పలికింది. కింద పడి లోపలి జిగురు ఊడి, కాయిల్ చుట్లు గాడిలోంచి లేచాయి. చుట్లను గాడిలో సర్ది పలచని ఎపాక్సీతో కట్టి, 24 గంటలు గట్టిపడనిచ్చాం. హాట్ గ్లూ వాడకూడదు. మే నెలలో ఎండలో ఆపిన వ్యాన్ లోపలి వేడికి అది మెత్తబడుతుంది, చుట్లు మళ్లీ కదులుతాయి. ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ అసలే వద్దు, అదే లోహం.

రెండోది దేనికీ పలకనిది. మిగతా పీసుల కాయిళ్లు 18.4 నుంచి 18.9 ఓములు చూపిస్తే ఇది ఓపెన్. తీగ బోర్డు దగ్గర టంకం పక్కనే తెగింది. కొసను 5 మిల్లీమీటర్లు బ్లేడుతో గీకి ఎనామెల్ పూర్తిగా తీసి, టంకం పూసి, మెలిక కొంచెం వదులుగా ఉంచి అతికించాం. పీసు పలికింది. కానీ కాయిల్ రీడింగ్ 17.1 దగ్గరే నిలబడింది. దాని సంగతి పరీక్షలో తేలింది.

ప్రీసెట్, పరీక్ష

ఇప్పుడు ప్రీసెట్. కొత్త ఆల్కలైన్ బ్యాటరీ వేసి, ఆన్ చేసి 5 నిమిషాలు వదలాలి. చుట్టూ మీటరు దూరంలో ఇనుము ఉండకూడదు. టేబుల్ మీద పెట్టి కాకుండా, వాడేటప్పటి లాగే చేత్తో పట్టుకుని తిప్పాలి. ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో ఆగకుండా మోగే దాకా పెంచి, మోత ఆగే దాకా నెమ్మదిగా వెనక్కి తిప్పి, ఇంకొక ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి వదిలాం. పిన్నీసులతో గీరుకుపోయి, తిప్పుతుంటే మధ్యలో ఎగిరే కార్బన్ ప్రీసెట్ల స్థానంలో అదే విలువ గల సెర్మెట్ (లోహం, సిరామిక్ కలిసిన) రకం వేశాం. మీద 103 అని ఉంటే 10 కిలో ఓములు, 104 అయితే 100 కిలో ఓములు.

పాస్ కావడానికి పెట్టుకున్న కొలతలు: స్టీలు రూపాయి బిళ్ల 5 సెంటీమీటర్ల దగ్గర, వంటింటి చిన్న కత్తి 12 సెంటీమీటర్ల దగ్గర, ప్రతిసారీ దొరకాలి. హెడ్ రెండు ముఖాలతోనూ, కొసతోనూ చూడాలి, కొస దగ్గర పట్టు కాస్త తక్కువగా ఉంటుంది. ఈ మోడల్ నెమ్మదిగా వచ్చే మార్పును తనంతట తానే సర్దుకుంటుంది కాబట్టి లోహం మీద ఆపి ఉంచితే శబ్దం తగ్గిపోతుంది, అది లోపం కాదు. సెకనుకు ఒక జానెడు పైచిలుకు వేగంతో ఊపుతూ చూడాలి. ఆ తర్వాత అరగంట ఎండలో ఉంచి మళ్లీ కొలిచాం. వేడికి హద్దు బాగా జరిగే పీసులో ఆసిలేటర్ కెపాసిటర్ నాసిరకం సిరామిక్ అయ్యుండొచ్చు, అక్కడ అదే విలువ గల ఎన్‌పీఓ రకం, అంటే వేడికి విలువ దాదాపు మారనిది, వేయాలి. ఈ లాట్‌లో ఆ అవసరం రాలేదు.

11 పీసులు నిలబడ్డాయి. 17.1 ఓముల కాయిల్ ఉన్నది మాత్రం ప్రీసెట్ చివరిదాకా పెంచినా రూపాయి బిళ్లను 2 సెంటీమీటర్ల దగ్గరే పట్టింది. లోపల కొన్ని చుట్ల ఎనామెల్ కాలి ఒకదానికొకటి తగిలాయి. అలా షార్ట్ అయిన చుట్టు తనే ఒక లోహపు రింగులా పనిచేసి ఆసిలేటర్ శక్తిని ఎప్పుడూ తినేస్తుంది. టంకంతో నయమయ్యేది కాదు, హెడ్ మొత్తం మార్చాలి, ఈ మోడల్‌కు హెడ్ విడిగా దొరకలేదు. ప్రీసెట్ పెంచి ఉంచితే చూడటానికి పనిచేస్తున్నట్టే ఉంటుంది, దగ్గర పెట్టిన తాళం చెవికి మోగుతుంది కూడా. అయినా దాన్ని తిరిగి ఇవ్వలేదు. మీద మార్కర్‌తో "డ్యూటీకి వద్దు" అని రాసి, కారణం ఏజెన్సీ కాగితం మీద రాసి, బజర్, మోటార్, బ్యాటరీ క్లిప్ విడదీసి మిగతా 11 పీసులకు స్పేర్లుగా కవర్లో పెట్టి పంపాం.